భారీ నక్షత్రం జీవిత దశలను ఒకే రాత్రి ఆకాశంలో చూడటం ఎలా?

భారీ నక్షత్రాల గురించి చదివినవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: పుస్తకంలో నెబ్యులా, అంటే వాయువు, ధూళి కలిసిన మేఘం దగ్గర మొదలుపెట్టి బ్లాక్ హోల్ దాకా బాణం గుర్తులు వేసి చూపిస్తారు, అందులో ఏవైనా మన కళ్లతో చూడగలమా? చూడగలం. ఒక నక్షత్రం ముసలిదవుతుండగా చూడటం కుదరదు, దానికి లక్షల ఏళ్లు పడుతుంది. కానీ వేర్వేరు దశల్లో ఉన్న నక్షత్రాలు ఒకే రాత్రి కనిపిస్తాయి. వాటిని సరైన వరుసలో చూస్తే చాలు. ఈ పనికి ఓరియన్ తారామండలం, దాని చుట్టుపక్కల ఆకాశం కంటే మంచి చోటు లేదు. ఓరియన్ ఖగోళ మధ్యరేఖ మీద ఉంటుంది కాబట్టి ఉత్తరార్ధగోళంలో ఉన్నవాళ్లకూ, దక్షిణార్ధగోళంలో ఉన్నవాళ్లకూ కనిపిస్తుంది. దక్షిణాన ఉన్నవాళ్లకు బొమ్మ తలకిందులుగా ఉంటుంది, అంతే.

భారీ నక్షత్రం అంటే ఇక్కడ సూర్యుడికి సుమారు 8 రెట్లు, అంతకు మించిన ద్రవ్యరాశి ఉన్నది. కేంద్రభాగం కూలిపోయి సూపర్నోవాగా పేలేవి ఇవే. అంతకంటే తేలికైనవి, మన సూర్యుడితో సహా, చివరికి శ్వేత కుబ్జాలుగా, అంటే మెల్లగా చల్లారే చిన్న, దట్టమైన గోళాలుగా మిగులుతాయి.

మొదలుపెట్టే ముందే ఒక మాట. ఎర్రగా ఉంటే ముసలిది, నీలంగా ఉంటే పడుచుది అని రంగు చూసి వయసు చెప్పే అలవాటు ఉంటే పక్కన పెట్టండి. ముందు ద్రవ్యరాశి తెలియాలి, ఆ తర్వాతే రంగుకు అర్థం. కింద చెప్పే ప్రతి మెట్టులోనూ ఈ విషయం మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

కావలసినవి

- డిసెంబర్ నుంచి మార్చి మధ్య, చంద్రుడు లేని ఒక రాత్రి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో రాత్రి 8 నుంచి 10 మధ్య ఓరియన్ బాగా ఎత్తులో ఉంటుంది.
- 7×50 లేదా 10×50 బైనాక్యులర్స్. లేకపోయినా సగం పని మామూలు కళ్లతోనే అవుతుంది.
- ఎర్ర కాంతి ఇచ్చే టార్చ్. మామూలు టార్చ్‌కు ఎర్ర కాగితం చుట్టినా సరే.
- స్టెల్లారియం లాంటి ఉచిత స్కై మ్యాప్ యాప్.
- గ్రాఫ్ పేపర్, పెన్సిల్. ఇది మర్నాడు పగలు చేసే పనికి.
- చిన్న టెలిస్కోప్ ఉంటే 3, 7 మెట్లలో ఉపయోగపడుతుంది. దీని కోసమని కొనక్కర్లేదు.

1. కళ్లను చీకటికి అలవాటు చేయండి

బయటికి వచ్చాక కనీసం 20 నిమిషాలు ఫోన్ చూడకండి. ఒక్కసారి తెల్లటి స్క్రీన్ చూస్తే మళ్లీ మొదటినుంచి ఎదురుచూడాలి. యాప్ వాడక తప్పకపోతే నైట్ మోడ్‌లో, అంటే ఎర్ర స్క్రీన్‌తో వాడండి.

2. ఓరియన్‌ను గుర్తించి, దిక్కులు సరిచూసుకోండి

ఒకే వరుసలో, దాదాపు సమాన దూరంలో ఉన్న మూడు చుక్కలు కనిపిస్తాయి. అదే ఓరియన్ నడుము పట్టీ. ఆ గీతను ఆగ్నేయానికి పొడిగిస్తే రాత్రి ఆకాశంలోకెల్లా ప్రకాశవంతమైన నక్షత్రం సిరియస్ వస్తుంది. వాయవ్యానికి పొడిగిస్తే నారింజ రంగు రోహిణి, అంటే ఆల్డెబరాన్ వస్తుంది. పట్టీకి ఒకవైపు నారింజ-ఎరుపు రంగులో ఆర్ద్ర, అంటే బెటెల్‌గ్యూజ్, రెండోవైపు నీలి-తెలుపు రంగులో రైజెల్ ఉంటాయి. ఈ ఐదూ కుదిరితే మీరు సరైన చోటే ఉన్నారు.

3. పుట్టే చోటు: ఓరియన్ నెబ్యులా

పట్టీకి దక్షిణంగా వేలాడుతున్నట్టు మూడు సన్నని చుక్కలు ఉంటాయి. మధ్యలో ఉన్నది చుక్కలా కాకుండా మసగ్గా కనిపిస్తుంది. బైనాక్యులర్స్‌లో చూస్తే పొగమంచు ముద్దలా విప్పారుతుంది. అదే ఎం-42, మనకు సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న నక్షత్రాల పురిటిగది.

ఆ వాయువును వెలిగిస్తున్న నక్షత్రాల్లో ముఖ్యమైనది థీటా-1 ఓరియోనిస్ సి. సూర్యుడికి 30 రెట్లకు పైగా బరువు, ఉపరితల ఉష్ణోగ్రత 40 వేల కెల్విన్‌లకు దగ్గర. ఇంత వేడి నక్షత్రం అతినీలలోహిత కాంతితో తాను పుట్టిన మేఘాన్నే చెదరగొడుతుంది. చిన్న టెలిస్కోప్ ఉంటే దీన్నీ, పక్కనున్న మూడింటినీ కలిపి ట్రపీజియం ఆకారంలో చూడొచ్చు.

ఫోటోల్లో కనిపించే గులాబీ రంగు కోసం వెతకకండి. అంత మసక వెలుతురులో మన కంటికి రంగులు తెలియవు, బూడిద రంగో, కొంచెం ఆకుపచ్చ ఛాయో కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే నిరాశపడి, తప్పు చోట చూస్తున్నామేమో అనుకుంటారు. నెబ్యులా వైపు నేరుగా కాకుండా కాస్త పక్కకు చూడండి, అంచులు ఇంకా విశాలంగా తెలుస్తాయి.

4. యౌవనం: సిగ్మా ఓరియోనిస్

పట్టీలో తూర్పు చివర ఉన్న చుక్క పేరు ఆల్నిటాక్. దానికి నైరుతిగా, ఒక డిగ్రీ లోపే ఒక చిన్న నక్షత్రం ఉంటుంది. అది సిగ్మా ఓరియోనిస్. మామూలు కంటికి ఒకటే చుక్క, నిజానికి కొన్ని నక్షత్రాల కుటుంబం. అందులో పెద్దది సూర్యుడికి సుమారు 18 రెట్లు బరువు. వయసు కొద్ది మిలియన్ల ఏళ్లకు మించదు. ఇంకా గర్భంలో హైడ్రోజన్‌ను హీలియంగా మారుస్తూ ఉంది. ఈ దశనే మెయిన్ సీక్వెన్స్ అంటారు. ఏ నక్షత్రమైనా జీవితంలో ఎక్కువ భాగం గడిపేది ఇక్కడే.

ఎంతకాలం గడుపుతుందో మీరే అంచనా వేయొచ్చు. సూర్యుడి ఆయుష్షు సుమారు 1,000 కోట్ల ఏళ్లు. నక్షత్రం సూర్యుడికి ఎన్ని రెట్లు బరువో ఆ సంఖ్యను 2.5 ఘాతానికి హెచ్చించి, 1,000 కోట్లను దానితో భాగించండి. 10 రెట్ల నక్షత్రానికి 316 వస్తుంది, అంటే సుమారు 3 కోట్ల ఏళ్లు. ఇంధనం పది రెట్లు ఎక్కువున్నా, దాన్ని వేల రెట్లు వేగంగా తగలేస్తుంది.

జాగ్రత్త: ఈ లెక్క 15 రెట్లు దాటిన నక్షత్రాలకు తక్కువ చూపిస్తుంది. 20 రెట్లకు 56 లక్షల ఏళ్లు వస్తుంది, కానీ వివరమైన కంప్యూటర్ నమూనాలు 80 లక్షలకు పైనే చెబుతాయి. ఎంత భారీ నక్షత్రమైనా ఆయుష్షు సుమారు 20-30 లక్షల ఏళ్లకంటే తగ్గదు. 100 రెట్లు వేసి లక్ష ఏళ్లు వచ్చిందంటే తప్పు మీది కాదు, సూత్రానిది.

5. నడివయసు దాటాక: రైజెల్

ఇప్పుడు రైజెల్ చూడండి, తర్వాత సిరియస్ చూడండి. సిరియస్ నాలుగు రెట్లకు పైగా ప్రకాశంగా ఉంటుంది. అందుకే సిరియస్‌ను భారీ నక్షత్రం అనుకుంటారు. కానీ సిరియస్ 8.6 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, రైజెల్ సుమారు 860 కాంతి సంవత్సరాల దూరంలో. దాదాపు వంద రెట్లు. దూరం వంద రెట్లు పెరిగితే వెలుగు పదివేల రెట్లు తగ్గుతుంది. అంటే రైజెల్‌ను తెచ్చి సిరియస్ ఉన్న చోట పెడితే ఇప్పుడున్నదానికి పదివేల రెట్లు వెలుగుతుంది. సిరియస్ బరువు 2 సూర్యులు. రైజెల్ బరువు సుమారు 20 సూర్యులు.

రైజెల్ గర్భంలో హైడ్రోజన్ అయిపోయింది. పై పొరలు ఉబ్బి, వ్యాసం సూర్యుడికి దాదాపు 80 రెట్లయింది. దీన్ని బ్లూ సూపర్ జెయింట్ అంటారు. నీలంగా ఉంది కాబట్టి చిన్న వయసు అనుకుంటే ఇక్కడ బోల్తా పడతారు. రైజెల్ ఇంకా ఎర్రబడాల్సి ఉందా, ఒకసారి ఎర్రబడి తిరిగి నీలానికి వచ్చిందా అనేది ఖగోళ శాస్త్రజ్ఞులు ఇప్పటికీ వాదించుకుంటున్న విషయం.

6. చివరి అధ్యాయం: ఆర్ద్ర

ఈ రాత్రి ఎక్కువసేపు గడపాల్సింది ఇక్కడే. ఆర్ద్ర రెడ్ సూపర్ జెయింట్. ఉపరితలం 3,500 కెల్విన్‌ల దగ్గర, సూర్యుడికంటే చల్లన. వెడల్పు మాత్రం సూర్యుడికి 700 నుంచి 900 రెట్లు. సూర్యుడి చోట పెడితే అంగారకుడి కక్ష్యను దాటేసేంత.

రంగు సరిగ్గా తెలియకపోతే బైనాక్యులర్స్ ఫోకస్ కొంచెం చెడగొట్టండి. చుక్క చిన్న పళ్లెంలా విస్తరించి నారింజ రంగు స్పష్టంగా తెలుస్తుంది. వెంటనే రైజెల్ వైపు తిప్పండి, తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నక్షత్రం దిగంతానికి దగ్గరగా ఉన్నప్పుడు ఈ పరీక్ష చేయకండి. మందమైన గాలి పొర ఏ నక్షత్రాన్నైనా ఎర్రగా చూపిస్తుంది.

తర్వాత రోహిణిని చూడండి. అదీ నారింజ రంగే, అదీ ముసలిదే. కానీ 65 కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది, బరువు సూర్యుడి కంటే కొంచెమే ఎక్కువ. అది పేలదు, శ్వేత కుబ్జమవుతుంది. ఒకే రంగు, రెండు వేర్వేరు గతులు. ద్రవ్యరాశి ముందు, రంగు తర్వాత అన్నది ఇందుకే.

ఆర్ద్ర వెలుగును నెలకోసారి అంచనా వేసి రాసుకోవడం మంచి అలవాటు. మామూలుగా రైజెల్‌కూ రోహిణికీ మధ్యలో ఉంటుంది. 2019 చివర్లో మసకబారడం మొదలుపెట్టి 2020 ఫిబ్రవరికల్లా రోహిణి కంటే బాగా తగ్గి, ఓరియన్ రెండో భుజంలోని బెల్లాట్రిక్స్‌తో సమానమైంది. పేలుడు దగ్గరపడిందని ప్రపంచమంతా టెన్షన్ పడింది. అసలు కారణం నక్షత్రం విసిరిన పదార్థం చల్లబడి ధూళిగా మారి మన వైపు కాంతిని అడ్డుకోవడం. పోల్చేటప్పుడు రెండు నక్షత్రాలూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉండేలా చూసుకోండి, లేకపోతే గాలి పొర తేడాను నక్షత్రం తేడా అనుకుంటారు.

బయటికి ఇంత కనిపిస్తుంది. అసలు కథ లోపల, ఏ టెలిస్కోప్‌కూ అందని చోట. సూర్యుడికి 25 రెట్లున్న నక్షత్రం గర్భంలో ఏ ఇంధనం ఎంతకాలం నడుస్తుందో నమూనాలు ఇలా చెబుతాయి:

- హైడ్రోజన్: సుమారు 70 లక్షల ఏళ్లు
- హీలియం: 5 నుంచి 7 లక్షల ఏళ్లు
- కార్బన్: సుమారు 600 ఏళ్లు
- నియాన్: సుమారు ఒక ఏడాది
- ఆక్సిజన్: సుమారు ఆరు నెలలు
- సిలికాన్: సుమారు ఒక రోజు

కార్బన్ నుంచి ఇంత తొందర ఎందుకంటే, ఆ వేడిలో పుట్టే న్యూట్రినోలు, అంటే దేన్నీ దాదాపు తాకకుండా దూసుకుపోయే అతి సూక్ష్మ కణాలు, శక్తిని నేరుగా బయటికి ఎత్తుకుపోతాయి. ఆ నష్టం పూడ్చడానికి నక్షత్రం మరింత వేగంగా మండాలి. సిలికాన్ కాలాక మిగిలేది ఇనుము. ఇనుమును కలిపితే శక్తి రాదు, ఖర్చవుతుంది. ఇనుప గర్భం సుమారు 1.4 సూర్యుల బరువుకు చేరాక తన భారాన్ని తానే మోయలేక ఒక సెకనులోపు కూలిపోతుంది. ఈ పరిమితికి పునాది 1930లో సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ వేసిన లెక్క. ఆయనకు 1983లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆర్ద్ర ఇప్పుడు హీలియం మెట్టులో ఉందని ఎక్కువమంది శాస్త్రజ్ఞుల అంచనా.

7. అవశేషం: క్రాబ్ నెబ్యులా

వృషభ రాశిలో ఎద్దు కొమ్ముల చివర రెండు నక్షత్రాలుంటాయి. ఆర్ద్రకు దగ్గరగా ఉన్న కొమ్ము కొన జీటా టౌరి. దానికి వాయవ్యంగా ఒక డిగ్రీ దూరంలో క్రాబ్ నెబ్యులా ఉంది. బైనాక్యులర్స్‌లో జీటా టౌరిని మధ్యలో పెట్టుకుంటే నెబ్యులా కూడా అదే దృశ్యంలో ఉంటుంది. చాలా మసక మచ్చ, చీకటి ఆకాశం తప్పనిసరి. ఊరి వెలుతురులో కనిపించకపోతే మీ పొరపాటేమీ లేదు, అక్కడ టెలిస్కోప్ వాడినా కష్టమే.

1054 జులై 4న చైనా ఖగోళ పరిశీలకులు అక్కడ ఒక కొత్త నక్షత్రాన్ని నమోదు చేశారు. కొన్ని వారాలపాటు పగలు కూడా కనిపించింది. ఈరోజు మనం చూసేది ఆ పేలుడు చిమ్మిన పదార్థం. మధ్యలో సుమారు 20 కిలోమీటర్ల వెడల్పున్న న్యూట్రాన్ నక్షత్రం, అంటే కూలిపోయిన గర్భం మిగిల్చిన అతి దట్టమైన గోళం, సెకనుకు 30 సార్లు గిరగిరా తిరుగుతోంది.

అన్నీ న్యూట్రాన్ నక్షత్రాలుగా మిగలవు. బాగా భారీవి బ్లాక్ హోల్స్ అవుతాయి. ఎన్ని సూర్యుల బరువు దగ్గర గీత అని అడుగుతారు, నికరమైన గీత లేదు. పోగొట్టుకున్న పదార్థం, జంట నక్షత్రం ఉందా లేదా లాంటివన్నీ కలిసి నిర్ణయిస్తాయి.

8. వీలైతే: పొరలు ఊడిన నక్షత్రం

ఉత్తరాన 40 డిగ్రీల అక్షాంశం దాటి ఉన్నవాళ్లు ఈ మెట్టు వదిలేయండి. మిగతావాళ్లు అగస్త్య నక్షత్రాన్ని, అంటే కనోపస్‌ను పట్టుకుని, తూర్పుగా కాస్త ఉత్తరానికి, చేయి చాచి పట్టిన పిడికిలితో దాదాపు రెండు పిడికిళ్ల దూరం వెళ్లండి. అక్కడున్న ప్రకాశవంతమైన నక్షత్రం గామా వెలోరం. అందులో ఒక వుల్ఫ్-రాయే నక్షత్రం ఉంది. అంటే తన హైడ్రోజన్ పై పొరలను పోగొట్టుకుని, లోపలి వేడి గర్భాన్ని బయటపెట్టుకున్నది. ఎర్రబడిన భారీ నక్షత్రాలన్నీ అలాగే పేలవు, కొన్ని ఈ దారిలో వెళ్తాయనడానికి మామూలు కంటికి దొరికే అరుదైన ఉదాహరణ ఇది.

9. మర్నాడు గ్రాఫ్ మీద పెట్టండి

ఈ మెట్టు వదిలేసేవాళ్లే ఎక్కువ. దయచేసి వదలకండి, చూసినదంతా అర్థమయ్యేది ఇక్కడే.

నిలువు గీత మీద వెలుగు: 1, 10, 100 అంటూ గడికి పది రెట్ల చొప్పున 10 లక్షల దాకా. అడ్డ గీత మీద ఉష్ణోగ్రత: ఎడమవైపు 40,000, కుడివైపు 3,000. అవును, ఎడమ నుంచి కుడికి తగ్గాలి. దీన్ని తిరగేసి గీసేవాళ్లు చాలామంది.

పెట్టాల్సిన చుక్కలు, సూర్యుడి వెలుగు 1 అనుకుని:

- సూర్యుడు: 5,800 కెల్విన్‌లు, 1
- సిరియస్: 9,900, 25
- రోహిణి: 3,900, సుమారు 440
- సిగ్మా ఓరియోనిస్‌లో పెద్దది: 35,000, సుమారు 40 వేలు
- రైజెల్: 12,000, సుమారు 1.2 లక్షలు
- ఆర్ద్ర: 3,500, సుమారు 1 లక్ష

ఇప్పుడు సూర్యుడి నుంచి రోహిణికి ఒక బాణం గీయండి. వందల రెట్లు పైకి వెళ్తుంది. సిగ్మా, రైజెల్, ఆర్ద్ర మూడింటినీ కలపండి. గీత దాదాపు అడ్డంగా, కుడివైపుకు సాగుతుంది. చిన్న నక్షత్రం ముసలిదైతే వెలుగు విపరీతంగా పెరుగుతుంది. భారీ నక్షత్రం వెలుగు అంతగా మారదు, ఉబ్బి చల్లబడుతుంది. ఇవి ఒకే నక్షత్రం ఫోటోలు కావని మాత్రం గుర్తుంచుకోండి. ఒకే తరహా బరువున్న మూడు వేర్వేరు నక్షత్రాలు.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

గ్రాఫ్‌కు పరీక్ష ఇది. వెలుగు సంఖ్యకు వర్గమూలం తీయండి. 5,800ను నక్షత్రం ఉష్ణోగ్రతతో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేయండి. రెండూ గుణిస్తే నక్షత్రం సూర్యుడికి ఎన్ని రెట్లు వెడల్పో వస్తుంది. ఆర్ద్రకు 316ను 2.75తో గుణిస్తే దాదాపు 870. రైజెల్‌కు సుమారు 81. మీకు ఆర్ద్ర కంటే రైజెల్ పెద్దదిగా వస్తే భాగహారం తలకిందులైంది.

ఆకాశంలో గుర్తింపుకు పరీక్ష: ఆర్ద్ర అనుకున్నది రోజురోజుకూ పక్క నక్షత్రాల మధ్య జరుగుతుంటే అది ఆర్ద్ర కాదు, అంగారకుడు కావచ్చు. మినుకుమినుకుమంటూ ఎరుపు, నీలం, ఆకుపచ్చ మారుతుంటే అది గాలి పని, నక్షత్ర స్వభావం కాదు.

మళ్లీ మళ్లీ వచ్చే రెండు సందేహాలు

*ఆర్ద్ర ఇప్పటికే పేలిపోయి, ఆ కాంతి దారిలో ఉందా?* ఆర్ద్ర దూరం 550 నుంచి 700 కాంతి సంవత్సరాలు. అది పేలడానికి లక్ష ఏళ్ల దాకా సమయం ఉండొచ్చు. లక్షలో ఆరేడు వందలంటే ఒక శాతం కూడా కాదు. ఇంకా అక్కడే ఉందనుకోవడమే న్యాయం.

*పేలే ముందు మనకు తెలుస్తుందా?* రంగు చూసి, వెలుగు చూసి తెలియదు. 1987లో పెద్ద మాగెల్లానిక్ మేఘం అనే పక్క గెలాక్సీలో పేలిన నక్షత్రం అసలు ఎర్రగానే లేదు, బ్లూ సూపర్ జెయింట్. అయితే ఆ ఫిబ్రవరి 23న కాంతి కంటే కొన్ని గంటల ముందే భూమ్మీది డిటెక్టర్లు దాని న్యూట్రినోలను పట్టుకున్నాయి. ఇప్పుడు అలాంటి డిటెక్టర్లన్నింటినీ కలిపే స్న్యూస్ అనే ముందస్తు హెచ్చరిక వ్యవస్థ ఉంది. ఎవరైనా ఈమెయిల్ ఇచ్చి అందులో నమోదు చేసుకోవచ్చు. ఆర్ద్రను నెలనెలా గమనించాలనుకుంటే, అది కూడా ఈ రోజే చేసేయండి.